రాయప్ప మాస్టారి గీత

ఇన్నయ్యకు వచ్చిన చిక్కు ఒక్కటే. అతను గీసిన ముఖం ఊరందరికీ నచ్చింది. బట్టీ దగ్గర కూర్చునే లూర్దమ్మగారికి మాత్రం నచ్చలేదు. ఆవిడకు నచ్చకపోతే అది గాజు మీద నిలవదు.

ఎందుకు నిలవదో ముందు చెప్పాలి. రంగు గాజు కిటికీల్లో ముఖాలూ చేతులూ బట్టల మడతలూ గోధుమరంగు పొడితో గీస్తారు. పొడిని జిగురునీళ్ళలో కలిపి, సన్నని కుంచెతో, పడుకోబెట్టిన గాజు మీద గీస్తారు. గీసినంతమాత్రాన పని కాదు. ఆ గాజును బట్టీలో పెట్టి కాలిస్తేనే గీత కరిగి గాజులో కలిసిపోతుంది. ఇక ఎండలు కాసినా, వానలు కొట్టినా వందేళ్ళు ఉంటుంది. కాల్చకముందు మాత్రం తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, ఏమీ మిగలదు.

తూముపాడు చర్చి వెనక రేకుల షెడ్డులో ఈ పని ముప్ఫై అయిదేళ్ళు చేసినవాడు రాయప్ప మాస్టారు. చర్చికున్న పద్నాలుగు కిటికీలూ ఆయన చేతివే. ఆయన పోయి మూడేళ్ళయింది. చివరి నాలుగేళ్ళు కుడిచెయ్యి వణికే జబ్బు పట్టుకుంది. అయినా మానలేదు. దక్షిణం వైపు మూడు కిటికీలు ఆ చేత్తోనే పూర్తిచేశాడు. వాటిలో గీతలు నీళ్ళల్లో కనపడే దారాల్లా కదులుతున్నట్టు ఉంటాయి. జనానికి ఆ మూడంటేనే ఎక్కువ ఇష్టం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఫోటోలు తీసుకునేది వాటికే. పట్నం నుంచి వచ్చిన విలేఖరి ఎవరో పత్రికలో దానికి ‘రాయప్ప గీత’ అని పేరు కూడా పెట్టాడు. మాస్టారు అప్పటికి బతికే ఉన్నాడు. పేపరు చదివి మడతపెట్టి, దాంతో కుంచె తుడుచుకున్నాడు.

ఇన్నయ్య ఆయన దగ్గర చేరింది ఆ చివరి నాలుగేళ్ళలోనే. అంతకుముందు చిలకలూరిపేటలో లారీ తొట్ల మీద పేర్లు రాసేవాడు. స్కేలు పెట్టకుండా ఈ కొస నుంచి ఆ కొసకు గీత లాగితే దారం పట్టి గీసినట్టు ఉండేది. మాస్టారు అతన్ని చేర్చుకున్నది ఆ చెయ్యి చూసే. ఇన్నయ్య మాత్రం తన భక్తి చూసి చేర్చుకున్నాడనుకున్నాడు.

మాస్టారు పోయాక అతను మొదట చేసిన పని, తన చెయ్యిని తాను మర్చిపోవడం. రెండేళ్ళు కష్టపడి వణుకు నేర్చుకున్నాడు. నవ్వులాటకు చెప్పడం లేదు. నిచ్చెన వేసుకుని ఆ మూడు కిటికీల మీదా పల్చటి కాగితాలు పరిచి గీతలన్నీ ఎత్తి రాసుకున్నాడు. ఏ గీతలో ఎన్ని వణుకులున్నాయో లెక్కపెట్టి నోటుపుస్తకం నింపాడు. నడిమి కిటికీలో ఉన్న పునీత అన్నమ్మ బుగ్గకు పదకొండు. గడ్డం కింద ఏడు. పైట అంచుకు ఇరవై రెండు. తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన నలుగురికీ అదే నేర్పాడు. వాళ్ళలో ఒకతను పాపం తిన్నగా గీస్తే, “ఇదేందయ్యా, తార్రోడ్డు మీద తెల్లగీత లాగావు? ఇందులో ప్రాణం ఏదీ?” అని తుడిపించాడు.

ప్రేమ లేక చేసిన పని కాదు అది. ఆ గీత లేకుండా పోతే మాస్టారు రెండోసారి చచ్చిపోయినట్టేనని అతని బెంగ. మనిషిని ఎలాగూ ఆపలేకపోయాడు, గీతనైనా ఆపుకుందామనుకున్నాడు.

మే నెల గాలివానకు చింతకొమ్మ విరిగి దక్షిణం వైపు నడిమి కిటికీ మీద పడింది. అందులో అన్నమ్మ తన కూతురు చిన్న మరియమ్మకు అక్షరాలు చెబుతూ ఉంటుంది. కూతురికి ఏమీ కాలేదు. పుస్తకానికీ ఏమీ కాలేదు. చుట్టూ ఉన్న నీలం, పచ్చ గాజుముక్కలు సీసపు పట్టీల్లో ఉన్నవి ఉన్నట్టే నిలిచాయి. అన్నమ్మ ముఖం ఒక్కటే రవ్వలు రవ్వలైపోయింది, ఏరి అంటించడానికి కూడా లేకుండా.

అన్నమ్మ పండుగ జూలై ఆఖరివారంలో వస్తుంది. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. కిటికీ మొత్తం ఊడదీసి ప్రింటు గాజు వేయిద్దామన్నారు కొందరు. పాత ఫోటో ఇస్తే పట్నంలో అచ్చు అలాగే ముద్రించి ఇస్తారట, వారంలో వస్తుందట, పగిలితే ఇంకోటి వస్తుందట. విచారణ గురువు ఫాదర్ జోజిరెడ్డిగారు ఇన్నయ్య వైపు చూశారు.

“నీవల్ల అవుతుందా?”

“అవుతుంది ఫాదర్. మాస్టారే లేచొచ్చి గీశాడనుకోవాలి మీరు.”

“అంతమాట అన్నాక నాకింకేం కావాలి? కానీ ఒకటి గుర్తుపెట్టుకో. పండుగనాటికి అక్కడ బెజ్జం కనపడితే ప్రింటుగాజు తెప్పించక తప్పదు. అది ఒక్కటి లోపలికొచ్చిందంటే మిగతా పదమూడింటికీ అదే గతి. నేను ఆపినా ఆగదు.”

ఇన్నయ్య నెలరోజులు షెడ్డు దాటి బయటికి రాలేదు. పాత ఫోటో ముందు పెట్టుకుని, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, లేత గులాబీ గాజు కోసి దాని మీద అన్నమ్మ ముఖం గీశాడు. చూడవచ్చినవాళ్ళు చూసి నోరు తెరిచారు. మాస్టారి చిన్ననాటి స్నేహితుడొకాయన కండువాతో కళ్ళొత్తుకుని, “మా రాయప్పే” అన్నాడు. ఇన్నయ్యకు జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

గాజును గుడ్డలో పెట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బట్టీ దగ్గరికి తీసుకువెళ్ళాడు.

లూర్దమ్మగారికి డెబ్భై దాటాయి. రాయప్ప మాస్టారి మొదటి శిష్యురాలు. షెడ్డు పెట్టిన నాటి నుంచీ బట్టీ ఆవిడదే. లోపలి ఎరుపు చూసి వేడి ఎంతుందో చెబుతుంది. మధ్యలో ఎవరో మీటరు తెచ్చి బిగించారు. మీటరే తప్పని ఆవిడ రెండుసార్లు రుజువు చేశాక దాని మొహం చూసేవాళ్ళు లేకపోయారు. మాస్టారు పోయాక షెడ్డులో పెద్ద ఎవరన్న ప్రశ్నే రాలేదు. ఇన్నయ్య ఆవిడను గురువుగానే చూసుకునేవాడు. చెప్పినమాట వినేవాడు, తనకు నచ్చినప్పుడు.

ఇన్నాళ్ళూ అతను వణుకు పాఠాలు చెబుతుంటే ఆవిడ ఒక్కమాటా అనలేదు. అవన్నీ గీసి తుడిచేసే గాజులు. కాల్చమని తన దగ్గరికి ఎవరూ తేలేదు కదా.

ఇప్పుడు గాజు తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

“బుగ్గకు పదకొండు ఉండాలి. సరిపోయినయ్యా?”

“పదకొండూ ఉన్నాయమ్మగారూ,” అన్నాడు ఇన్నయ్య, కాస్త గర్వంగానే.

ఆవిడ గాజును మళ్ళీ గుడ్డ మీద పెట్టి అతనివైపు జరిపింది.

“ఇది నేను కాల్చను నాయనా.”

ఇన్నయ్య సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. ఆవిడ మొహం చూశాక విన్నది సరైందేనని తెలిసింది.

“తప్పేముందో చెప్పండి. దిద్దుకుంటాను.”

“మాస్టారు గీసిన దాంట్లో పదకొండు తప్పులున్నయ్. నువ్వు గీసిన దాంట్లో ఒక్కటి కూడా లేదు.”

“తప్పు లేకపోతే కాల్చడానికేం?”

ఆవిడ బొగ్గుల బుట్ట సర్దుకోవడంలో పడింది. ఇన్నయ్యకు ఒళ్ళు మండింది. ముసలితనం వచ్చి మతి తప్పిందనుకున్నాడు. తన పేరు వస్తుంటే ఓర్వలేకపోతోందని కూడా అనుకున్నాడు, ఆ తర్వాత అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గు పడుతూనే వెళ్ళి ఫాదర్ గారిని పిలుచుకొచ్చాడు.

“లూర్దమ్మా, పండుగ ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. ఈ ఒక్కటీ కాల్చిపెట్టమ్మా,” అన్నారు ఫాదర్.

“బట్టీకి తాళం వెయ్యలేదు ఫాదర్. అతన్నే కాల్చుకోమనండి.”

ఫాదర్ గారు బట్టీ వైపు చూశారు. ఇన్నయ్య వైపు చూశారు. వేడి కాస్త ఎక్కువైతే గాజు సాగిపోతుంది, తక్కువైతే గీత పట్టదు. ఆ మధ్యలో ఉండే ఎరుపేదో అక్కడ ఒక్కరికే తెలుసు. ఫాదర్ గారు తెలివైన మనిషి, ఆవిడతో వాదన పెట్టుకోలేదు. వెళ్తూ వెళ్తూ ఇన్నయ్యతో మాత్రం, “శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత పట్నానికి ఫోను చెయ్యాల్సిందే,” అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇన్నయ్య మళ్ళీ లారీల పనికి పోదామనే బయల్దేరాడు. కాళ్ళు మాత్రం షెడ్డులోకే వచ్చాయి. లూర్దమ్మగారు అప్పటికే బల్ల తుడిచిపెట్టి ఉంది. గాజు పరిచిన బల్ల అది, కింద బల్బు వెలుగుతుంది. దాని మీద మామూలు గాజుముక్క ఒకటి పడుకోబెట్టింది.

“ఇట్టా కూర్చో. ఇక్కణ్ణించి ఇక్కడికి ఒక గీత గియ్యి. తిన్నగా.”

“తిన్నగానా?”

“లారీ మీద గీసినట్టు.”

ఇన్నయ్య కుంచె ముంచి మొదలుపెట్టాడు. గీత సగానికి వచ్చేసరికి ఆవిడ రెండువేళ్ళు అతని మోచేతి కింద పెట్టి చెయ్యిని కుదిపింది. కుంచె పక్కకు పోయింది.

“అమ్మగారూ, చెయ్యి కదులుతోంది.”

“కదలనీ. నువ్వు తిన్నగా గియ్యి.”

తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీశాడు. మళ్ళీ కుదిపింది. ఈసారి మొదలు నుంచీ ఆపకుండా కుదుపుతూనే ఉంది, మెల్లగా, ఒక పద్ధతి లేకుండా. గీత పిచ్చిగీతైంది. తుడిచాడు. మళ్ళీ గీశాడు. పిచ్చిగీతే. తుడిచాడు. ఆరోసారికి కోపం వచ్చింది. పదోసారికి కోపం కూడా పోయింది, గీత ఒక్కటే మిగిలింది. ఎట్లాగైనా ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా తీసుకుపోవాలి, అంతే.

ఊపిరి బిగబట్టి చూశాడు. కొంచెం నయమనిపించింది. మోచెయ్యి బల్లకేసి నొక్కిపెట్టాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. కుదుపుకీ కుదుపుకీ మధ్య రెప్పపాటు సందు దొరుకుతోందని కనిపెట్టాడు. ఆ సందులో కుంచెను గబుక్కున లాగేవాడు, కుదుపు వచ్చేసరికి ఆపేవాడు, మళ్ళీ సందు కోసం కాచుకునేవాడు. చెమట కారి బల్ల మీద పడుతోంది. పళ్ళు బిగిసిపోయాయి.

అట్లా పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని ఉండగా అతనికి తను ఎట్లా కూర్చున్నాడో తెలిసింది. సరిగ్గా ఇట్లాగే కూర్చునేవాడు మాస్టారు. నాలుగేళ్ళు పక్కనే నిలబడి చూశాడు. పని చేసేటప్పుడు మాస్టారు లోలోపల ప్రార్థన చేసుకుంటాడనుకునేవాడు. బయటివాళ్ళకు కూడా అట్లాగే చెప్పేవాడు.

గీత అవతలి కొసకు చేరింది. లూర్దమ్మగారు వేళ్ళు తీసేసింది.

ఇద్దరూ గాజు మీదికి వంగి చూశారు. గీత తిన్నగా లేదు. సందు దొరికిన చోట సన్నగా పరిగెత్తింది, దొరకని చోట లావెక్కి నిలబడింది, ఒకచోట పక్కకు తూలి వెంటనే దారిలోకి వచ్చింది. ఎక్కడ తూలినా ఆ కొసనే చూస్తూ పోయింది. నోటుపుస్తకంలో లేని గీత అది. కిటికీలో ఉన్న గీత.

ఇన్నయ్య తను తెచ్చిన అన్నమ్మ ముఖాన్ని దాని పక్కన పెట్టాడు. బుగ్గ మీద పదకొండు వణుకులూ వరసగా, సమంగా, పిల్లల గౌను అంచుకు కుట్టిన లేసులా ఉన్నాయి. నిన్నటిదాకా ఇంత అందం ఎక్కడా లేదనుకున్నాడు. ఇప్పుడు చూడలేక కళ్ళు దించుకున్నాడు. మాస్టారి ముందు మాస్టారి నడకను వెక్కిరించినట్టు అనిపించింది.

తల ఎత్తకుండానే అడిగాడు.

“ఆయన ఎన్నిసార్లు తుడిచేవాడమ్మగారూ?”

“అన్నమ్మ ముఖానికా? నలభైమూడు సార్లు. బట్టీ వేడెక్కించుకుని ఇక్కడే కూర్చునేదాన్ని. నలభైనాలుగోది తెచ్చి నా చేతికిచ్చి, ఇంతకన్నా రావడంలేదు లూర్దూ, ఇక కాల్చెయ్ అన్నాడు.”

ఇన్నయ్య ఏడ్చాడు. మాస్టారు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆవిడ ఆపమనలేదు. వెళ్ళి బకెట్లో గుడ్డ తడిపి, పిండి తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ గుడ్డ ఎందుకు తెచ్చిందో అతను అడగలేదు. నెలరోజుల పనిని ఒక్క తుడుపుకు తుడిచేశాడు. లేత గులాబీ గాజు ఖాళీగా వెలిగింది.

“ఇప్పుడు ఏం గియ్యమంటారు?”

“అన్నమ్మని.”

ఆవిడ దూరంగా జరిగి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్నయ్య కుంచె ముంచాడు. ఫోటో వైపు ఒక్కసారి చూశాడు. నోటుపుస్తకం తెరవలేదు. బుగ్గ గీత పైనుంచి మొదలుపెట్టి గడ్డం దాకా ఒక్క ఊపున లాగాడు. ఎన్నేళ్ళయిందో తన చేత్తో తను గీసి. చెయ్యి ఏమీ మర్చిపోలేదు. కనురెప్పలు, ముక్కు, చదువు చెబుతూ కొంచెం తెరుచుకున్న పెదవులు, అన్నీ ఒక్కొక్క గీతలోనే వచ్చాయి. దేన్నీ రెండోసారి దిద్దాల్సిన పని పడలేదు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి అన్నమ్మ కూతురి వైపు చూస్తోంది.

లూర్దమ్మగారు లేచి వచ్చింది. ఈసారి వెలుతురుకు ఎత్తి చూడలేదు, లెక్కా అడగలేదు. గాజును రెండుచేతులతో తీసుకుపోయి బట్టీలో పెట్టి తలుపు మూసింది.

సాయంత్రం ఇన్నయ్య తన దగ్గర నేర్చుకుంటున్న నలుగురినీ పిలిచి, “రేపటి నుంచి తిన్నగా గియ్యండి,” అన్నాడు. ముగ్గురు మొహామొహాలు చూసుకున్నారు. తెల్లగీత లాగాడని తిట్లు తిన్నతను మాత్రం అటు తిరిగి నవ్వుకున్నాడు. నవ్వుకోవడానికి అతనికి హక్కుందని ఇన్నయ్య ఊరుకున్నాడు.

గురువారం సీసపు పట్టీలు విప్పి కొత్త ముఖాన్ని దాని చోట కూర్చోబెట్టారు. శుక్రవారం పూజ అయ్యాక ఫాదర్ గారూ పెద్దలూ కిటికీ ముందు నిలబడ్డారు. ఎండ బాగా కాస్తోంది. అన్నమ్మ పైట అంచూ, చేతివేళ్ళూ, కూతురి జుట్టూ వణుకుతున్నాయి. వాటి మధ్య అన్నమ్మ ముఖం నిశ్చలంగా ఉంది.

మొదట నోరు విప్పింది మాస్టారి స్నేహితుడే.

“ముఖం బాగుంది. కాదనను. కానీ ఇది మా రాయప్ప గీత కాదు. ఆ వణుకేదీ?”

ప్రింటు గాజు కావాలన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఫాదర్ గారి చూపు ఇన్నయ్య మీద నిలిచింది. అతను పెద్దాయన వైపు చూస్తూ నిలబడ్డాడు, బెదురు లేకుండా.

వెనక బెంచీలో కూర్చున్న లూర్దమ్మగారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది.

“ఆ నాలుగేళ్ళూ ఆయన గియ్యాలని చూసింది ఇదే, అన్నా,” అంది.